13 అన్నారు సరే, 13 ఏమిటి?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్య పేజీలో ఊపిరితిత్తుల జబ్బుల మీద వచ్చిన వ్యాసం పనికొచ్చేదే. అందులో ఒక్క వాక్యం మాత్రం మమ్మల్ని ఆపేసింది. ‘ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం ఆరోగ్యంగా ఉన్నవారిలో 11 నుంచి 13 ఉంటుంది, 8 కన్నా తగ్గితే ప్రమాదం’ అని వేశారు. 13 అన్నారు సరే, 13 ఏమిటి? పీడనానికి అంతర్జాతీయ ప్రమాణమైన కిలోపాస్కల్స్‌లో చదువుకుంటే ఆ అంకెలు తప్పు కావు. బ్రిటన్, ఐర్లాండ్ ఆసుపత్రుల్లో రక్తవాయువుల పరీక్ష ఫలితం కిలోపాస్కల్స్‌లోనే ఇస్తారు. మన దగ్గర అందరూ ఏబీజీ అనే అదే పరీక్ష రిపోర్టు పాదరసం మిల్లీమీటర్లలో వస్తుంది. అందులో మామూలు విలువ 80 నుంచి 100. ఐసీయూ బయట రిపోర్టు పట్టుకుని కూర్చున్న మనిషి దానిలో 85 చూసి, మీ పేజీలో 13 చూస్తే గాభరా పడతాడు. అది పోనీ, గాభరాతో పోతుంది. రిపోర్టులో 45 ఉంటే? ‘8 కన్నా చాలా ఎక్కువే ఉందిలే’ అని ధైర్యపడతాడు. మీరు చెప్పిన 8 మన రిపోర్టులో 60 అవుతుంది. 45 ఆ గీతకు బాగా కింద.

పిల్లలు బ్రిటన్‌లో డాక్టర్లుగా ఉన్న ఇళ్లు మన జిల్లాల్లో తక్కువేమీ కావు. ఇక్కడి రిపోర్టు ఫోన్‌లో చదివి వినిపించడం, అక్కడి నుంచి సలహా రావడం మామూలే. ‘కార్బన్ డయాక్సైడ్ ఆరు దాటిందా?’ అని అటువైపు అడిగితే, ‘ఆరేంట్రా, నలభై రెండు ఉంది’ అని ఇటువైపు కంగారు. ఆరు కిలోపాస్కల్స్ అంటే 45 మిల్లీమీటర్లు. 42 ఉంటే ఏమీ కాలేదన్నమాట.

వీటి మధ్యలో మూడో అంకె కూడా దూరుతుంది. కొవిడ్ నాటి నుంచి వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ప్రతి ఇంటికీ తెలుసు. అది చూపించేది శాతం, పీడనం కాదు. ఆక్సీమీటర్‌లో 90 శాతం అంటే ధమని రక్తంలో పీడనం సుమారు 60 మిల్లీమీటర్లే. ‘ఆక్సిజన్ 90 ఉంది’ అని వార్తలో రాస్తే అది పీడనమైతే ఫర్వాలేదు, శాతమైతే ఆలోచించాల్సిందే. ఒకే అంకెకు రెండు భిన్నమైన అర్థాలు.

కిలోపాస్కల్‌ను పాదరసం మిల్లీమీటర్లలోకి మార్చడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు. ఏడున్నరతో హెచ్చిస్తే చాలు. వెనక్కి రావాలంటే నాలుగుతో హెచ్చించి ముప్పైతో భాగించాలి: 45 నాలుగుసార్లు 180, ముప్పైతో భాగిస్తే 6. అసలు గుణకం 7.50062 కాబట్టి ఈ నోటిలెక్కలో వచ్చే తేడా పదివేలలో ఒక వంతు కూడా ఉండదు. ఇంట్లో వాడే డిజిటల్ బీపీ మిషన్లకూ ఇదే పనికొస్తుంది. వాటిలో కొన్నింటికి ప్రమాణం మార్చే సెట్టింగ్ ఉంటుంది, పొరపాటున బటన్ ఎక్కువసేపు నొక్కితే తెర మీద 17.3, 11.2 అని పడుతుంది. మిషన్ పాడైందని షాపుకు తీసుకెళ్లేవాళ్లున్నారు. దశాంశ చుక్క కనబడిందంటే అది కిలోపాస్కల్ అని గుర్తు. ఏడున్నరతో హెచ్చించండి: 130, 84. మిషన్‌కు ఏమీ కాలేదు.

ఇన్ని ప్రమాణాలు ఎందుకున్నాయని విద్యార్థులు విసుక్కుంటారు. ఎవరూ పనిగట్టుకుని చేసిన గందరగోళం కాదిది. ఎవరి చేతిలో ఏ పరికరం ఉంటే దాని పేరే ప్రమాణం అయింది. ఇంగ్లిషు శాస్త్రవేత్త స్టీఫెన్ హేల్స్ గుర్రం ధమనిలోకి గొట్టం పెట్టి, నిలువు గాజుగొట్టంలోకి రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తు ఎక్కడం చూశాడు. ఆ వివరం 1733లో అచ్చయింది. మనిషి బీపీని నీటిగొట్టంతో కొలవాలంటే మనిషంత గొట్టం కావాలి: 120 మిల్లీమీటర్ల పాదరసం అంటే 163 సెంటీమీటర్ల నీళ్లు. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు కనుక 12 సెంటీమీటర్లతో పని తీరిపోతుంది. 1896లో ఇటలీ డాక్టరు రివా రోచీ చేతికి పట్టీ కట్టి పాదరసంతో కొలిచాడు, 1905లో రష్యా డాక్టరు కొరొట్కాఫ్ స్టెతస్కోపుతో శబ్దాలు వినడం నేర్పాడు. ఆ మిల్లీమీటర్లు అలాగే ఉండిపోయాయి. ఊపిరితిత్తుల్లోకి పోయే గాలి పీడనం చాలా తక్కువ. అక్కడ పాదరసం పెడితే కదలిక కనబడదు, అందుకే వెంటిలేటర్ ప్రమాణం నీటి సెంటీమీటర్లు. సిలిండర్‌లో పీడనం చాలా ఎక్కువ. దానికి పాదరసమూ చాలదు, స్ప్రింగు గేజ్ పెట్టి చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోలన్నారు. తూకాలు, కొలతల సార్వత్రిక సదస్సు 1971లో పాస్కల్ పేరును ఖాయం చేసే నాటికి ఇవన్నీ నోళ్లలో పాతుకుపోయాయి. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా అంతర్జాతీయ ఒప్పందం దరిమిలా ఆసుపత్రుల నుంచి పాదరసమే వెళ్లిపోతోంది, పాదరసం మిల్లీమీటరు మాత్రం కదలదు.

ఏ ప్రమాణం నుంచి ఏ ప్రమాణానికైనా వెళ్లడానికి పాస్కల్‌ను వంతెనగా వాడుకోవడం మంచి పద్ధతి. కిలోపాస్కల్ అంటే వెయ్యి పాస్కల్స్. పాదరసం మిల్లీమీటరు 133.322 పాస్కల్స్. నీటి సెంటీమీటరు 98.0665. చదరపు సెంటీమీటరుకు కిలో అంటే సరిగ్గా దానికి వెయ్యి రెట్లు, 98,066.5. బార్ లక్ష, మిల్లీబార్ వంద, అంటే హెక్టోపాస్కలే. చదరపు అంగుళానికి పౌండు, టైర్లకు గాలి కొట్టే చోట ‘పాయింట్లు’ అనేది, 6,894.76. ప్రామాణిక వాతావరణ పీడనం 1,01,325. ఉన్నదాన్ని దాని పాస్కల్ విలువతో హెచ్చించి, కావలసినదాని పాస్కల్ విలువతో భాగించాలి. తరువాత ఒక్క క్షణం ఆగి, పెద్ద ప్రమాణంలోకి వెళ్తే అంకె చిన్నదైందా అని చూసుకోవాలి. పరీక్షల్లోనూ వార్డుల్లోనూ జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం గుణకం మరచిపోవడం వల్ల కాదు, హెచ్చించాల్సిన చోట భాగించడం వల్ల. 10 మీటర్ల నీళ్లు చదరపు సెంటీమీటరుకు కిలో అని గుర్తుంటే ఇంకో ఆధారం దొరుకుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటిమట్టం కుళాయికి పది మీటర్ల పైన ఉంటే, కుళాయి మూసి ఉన్నప్పుడు దాని దగ్గర కిలో పీడనం.

ఇక ఒకే మంచం దగ్గర రెండు ప్రమాణాలు కలిస్తే ఏమవుతుందో చూడండి. వెంటిలేటర్ మీద ఉన్న రోగి శ్వాసనాళంలోకి వేసే గొట్టం చివర చిన్న గాలిబుడగలాంటి కఫ్ ఉంటుంది. గాలి పక్కనుంచి లీకవకుండా, నోటిలోని ద్రవాలు కిందికి జారకుండా దాన్ని ఉబ్బించి ఉంచాలి. లోపల పీడనం 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటికి సమానంగా ఉండాలన్నది నియమం. అంతకన్నా తగ్గితే లీకు. పెరిగితే శ్వాసనాళం లోపలి పొరకు రక్తం అందదు, పుండవుతుంది, మానాక ఆ చోట నాళం ఇరుకైపోతుంది. దీనికి కఫ్ ప్రెషర్ గేజ్ వేరే ఉంటుంది, నీటి సెంటీమీటర్లలో, ఆకుపచ్చ పట్టీ గీసి. అది కనబడనప్పుడు చేతికందిన బీపీ మిషన్ డయల్‌కు గొట్టం తగిలించి 30 దాకా ఉబ్బిస్తారు. ఆ డయల్ పాదరసం మిల్లీమీటర్లలో ఉంది. 30 మిల్లీమీటర్ల పాదరసం అంటే దాదాపు 41 సెంటీమీటర్ల నీళ్లు. అంకె సరిగ్గానే పెట్టారు, కఫ్ మాత్రం హద్దు దాటింది. బీపీ డయలే వాడక తప్పకపోతే 15కూ 22కూ మధ్య ఉంచాలి. అదీ తాత్కాలికంగానే, ఎందుకంటే డయల్ గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఉంటాయి, సున్నాకు దగ్గరగా ముల్లును అంత నమ్మడానికి లేదు. బయట వేలాడే చిన్న బెలూన్‌ను వేళ్లతో నొక్కి చూసి ‘సరిపోయింది’ అనడం అంతకన్నా అన్యాయం. ఇంకో సంగతి, గేజ్ తగిలించిన ప్రతిసారీ కొంత గాలి గేజ్ గొట్టంలోకి పోతుంది, కఫ్‌లో పీడనం పడిపోతుంది. కాబట్టి చూసి వదిలేయకుండా, చూసినప్పుడల్లా సరిచేసి తీయాలి.

మెదడు చుట్టూ ఉండే ద్రవం విషయంలోనూ ఇదే. నడుములో సూది వేసి చూసిన పీడనాన్ని ఒకరు 18 సెంటీమీటర్ల నీళ్లని, ఒకరు 180 మిల్లీమీటర్ల నీళ్లని రాస్తారు. రెండూ ఒకటే. ‘18’ అని మాత్రమే రాస్తే ఐసీయూలో ఉన్నవారు పాదరసం మిల్లీమీటర్లనుకుంటారు, ఎందుకంటే తల లోపలి పీడనాన్ని వారు ఆ ప్రమాణంలోనే చూస్తారు. 18 మిల్లీమీటర్ల పాదరసం దాదాపు ఇరవై నాలుగున్నర సెంటీమీటర్ల నీళ్లు. మామూలుకూ అనుమానానికీ మధ్య ఉన్న దూరం అంతే.

ప్రమాణాన్ని లోపల దాచుకున్న సూత్రాలు ఇంకా ప్రమాదం. ఊపిరితిత్తుల దెబ్బ ఎంతో చెప్పే లెక్క ఒకటుంది: ధమనిలో ఆక్సిజన్ పీడనాన్ని, పీలుస్తున్న గాలిలో ఆక్సిజన్ వంతుతో భాగించడం. జవాబు ఎంత తగ్గితే దెబ్బ అంత ఎక్కువ. 300, 200, 100 అన్న హద్దులు పాదరసం మిల్లీమీటర్లకు పెట్టినవి. 12 కిలోపాస్కల్స్ ఉన్న రోగి సగం ఆక్సిజన్ మీద ఉంటే 24 వస్తుంది. దాన్ని 100 పక్కన పెట్టి చూస్తే మనిషి చివరి ఘడియల్లో ఉన్నట్టే. మిల్లీమీటర్లలోకి మార్చి చూస్తే 90, సగంతో భాగిస్తే 180, మధ్యస్థ స్థాయి. నవజాత శిశువులకు వాడే ఆక్సిజనేషన్ ఇండెక్స్ మరీ చిత్రం. శ్వాసనాళంలో సగటు పీడనం నీటి సెంటీమీటర్లలో, ఆక్సిజన్ పీడనం పాదరసం మిల్లీమీటర్లలో, రెండూ ఒకే సూత్రంలో. 15 సెంటీమీటర్లను 60 శాతం ఆక్సిజన్‌లోని 60తో హెచ్చించి, 60 మిల్లీమీటర్లతో భాగిస్తే జవాబు 15. భాగించే 60 బదులు కిలోపాస్కల్స్‌లోని 8 వేస్తే 112 దాటిపోతుంది. సూత్రానికి ప్రమాణం గురించి పట్టింపు ఉండదు, వేసిన అంకెకల్లా జవాబు చెబుతుంది.

సిలిండర్ల సంగతికొస్తే, 2021లో ఇళ్లలో ఆక్సిజన్ పెట్టుకున్నవారికి ఈ గేజ్ బాగా పరిచయం. దాని మీద చాలాసార్లు రెండు వలయాలుంటాయి, ఒకటి చదరపు సెంటీమీటరుకు కిలోల్లో, ఇంకొకటి చదరపు అంగుళానికి పౌండ్లలో, వేర్వేరు రంగుల్లో. నిండు సిలిండర్ 150 కిలోలు చూపుతుంది. పౌండ్లలో అది 2,130 పైచిలుకు. మధ్యరకం సిలిండర్, బీ టైప్ అనేది, నీళ్లతో నింపితే సుమారు పది లీటర్లు పడుతుంది. మిగిలిన ఆక్సిజన్ ఎంతో తెలియాలంటే కిలోల అంకెను ఆ పదితో హెచ్చించాలి. 150 ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 5 లీటర్లు వాడితే అయిదు గంటలు. ఇప్పుడు ముల్లు 1,000 పౌండ్ల దగ్గర ఉందనుకోండి. 14.2తో భాగించి 70 కిలోలు చేసుకుంటే 700 లీటర్లు, రెండు గంటల ఇరవై నిమిషాలు. చివర కొంచెం మిగల్చాలి కాబట్టి రెండు గంటలే అనుకోవాలి. భాగించడం మరచిపోయి 1,000ని పదితో హెచ్చించిన మనిషికి 10,000 లీటర్లు, ముప్పై మూడు గంటలు. రేపు పొద్దున చూద్దామని పడుకుంటాడు.

ఈ లెక్క ఆక్సిజన్‌కు సరిపోతుంది, ఎందుకంటే సిలిండర్‌లో అది వాయువుగానే ఉంటుంది. మత్తు ఇచ్చేటప్పుడు వాడే నైట్రస్ ఆక్సైడ్‌కు సరిపోదు. అది సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర గేజ్ 50 బార్ ప్రాంతంలోనే నిలబడి, ద్రవం మొత్తం అయిపోయాకే పడటం మొదలవుతుంది. ప్రమాణాన్ని ఎంత సరిగ్గా మార్చినా ఆ అంకెలో మిగిలిన సరుకు కనబడదు. తూకం వేయాల్సిందే.

ఇంతవరకూ ఏ ప్రమాణం అన్న ప్రశ్న. దానికన్నా లోతైనది ఇంకొకటుంది: ఎక్కడి నుంచి కొలిచారు? గేజ్ మీద సున్నా అంటే చుట్టూ ఉన్న గాలి పీడనం. బీపీ కూడా అంతే, 120 అంటే బయటి గాలికన్నా 120 ఎక్కువ. రక్తవాయువుల పీడనం అలా కాదు, నిజమైన సున్నా నుంచి కొలిచింది. ఒక పుస్తకంలో ఉన్న బార్‌కూ గేజ్ మీద ఉన్న బార్‌కూ మధ్య పూర్తిగా ఒక వాతావరణ పీడనమంత తేడా రావచ్చు.

పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ దగ్గర ఇది రోజూ తగిలే చిక్కు. సముద్రమట్టంలో 121 డిగ్రీలు రావాలంటే గేజ్ 15 పౌండ్లు చూపాలి, అంటే 1.05 కిలోలు, లేదా 103 కిలోపాస్కల్స్. బయటి గాలి పీడనాన్ని కలిపితే 205. కొన్ని మిషన్ల పుస్తకాల్లో ఈ రెండో అంకె ఉంటుంది. 134 డిగ్రీలకు ‘3 బార్’ అని ఉంటే అది గాలి పీడనంతో కలిపి. గేజ్ మీద 2 చూపితే చాలు. తెలియక గేజ్‌ను 3 దాకా తీసుకెళ్లబోతే సేఫ్టీ వాల్వు ఎగిరి కేకలు పెడుతుంది. మొదట్లో లోపలి గాలిని పూర్తిగా బయటికి పంపకపోతే ఇంకో మోసం: గేజ్ 15 పౌండ్లు చూపుతూనే ఉంటుంది, అందులో కొంత ఆవిరిది, కొంత మిగిలిపోయిన గాలిది. గాలిలో సగమే బయటికి పోతే అదే 15 దగ్గర వేడి 112 డిగ్రీల ప్రాంతంలో ఆగిపోతుంది. క్రిములన్నీ చావవు. అందుకే ఎగ్జాస్ట్ వాల్వు నుంచి ఆవిరి తెంపు లేకుండా వచ్చేదాకా మూయకూడదంటారు. ఆటోక్లేవ్‌లో పీడనం చూసి ఊరుకోకుండా థర్మామీటర్ చూడమనేది ఇందుకే.

‘సముద్రమట్టంలో’ అని ఊరికే అనలేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పీడనం మామూలు రోజున 950 హెక్టోపాస్కల్స్, అంటే 713 మిల్లీమీటర్ల పాదరసం. గేజ్ అదే 15 పౌండ్లు చూపినా, బయటి గాలి పీడనం తక్కువ కాబట్టి మొత్తం 198 కిలోపాస్కల్స్, వేడి 120 డిగ్రీలు. విశాఖకూ హైదరాబాద్‌కూ ఒక డిగ్రీ తేడా. ఆసుపత్రి గోడకున్న సక్షన్ గేజ్, అంటే ద్రవాలను పీల్చే పంపు గేజ్, హైదరాబాద్‌లో ఎంత లాగినా 713కు మించదు. 760 రావడం లేదని పంపు విప్పి చూడటం దండగ శ్రమ.

మరి ఫోన్‌లోని వాతావరణ యాప్ హైదరాబాద్‌లో కూడా 1,010 అనే చూపిస్తుందేం? అది సముద్రమట్టానికి సరిచేసిన అంకె. ఊళ్ల ఎత్తు తేడా లేకుండా పోల్చి అల్పపీడనాన్ని గుర్తుపట్టాలంటే అలా సరిచేయక తప్పదు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ కేంద్రంలో పీడనం 950 హెక్టోపాస్కల్స్‌గా వాతావరణ శాఖ అంచనా వేసింది. హైదరాబాద్‌లో బాల్కనీలో కూర్చుని కాఫీ తాగే మనిషి చుట్టూ ప్రశాంతంగా ఉన్నది కూడా ఆ 950యే. మొదటిది సముద్రమట్టం అంకె, రెండోది ఉన్న చోటి అంకె. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. బారోమీటర్ ఉన్న ఫోన్లలో ఒక యాప్ 950, మరో యాప్ 1,010 చూపితే రెండూ నిజమే చెబుతున్నట్టు.

వైద్య విద్యార్థులు ఇక్కడే పడతారు. ఊపిరితిత్తుల్లోని చిన్న గాలిగదిలో ఆక్సిజన్ పీడనం ఎంత ఉండాలో లెక్కకట్టేటప్పుడు గాలి పీడనం నుంచి నీటి ఆవిరి వాటా 47 తీసేసి, 21 శాతం కట్టి, కార్బన్ డయాక్సైడ్ 40ని 0.8తో భాగిస్తే వచ్చే 50 తీసేస్తారు. పాఠ్యపుస్తకంలో 760 లోంచి 47 పోతే 713, దానిలో 21 శాతం 150, చివరికి 100. హైదరాబాద్‌లో గాలి పీడనమే 713. అందులోంచి 47 తీయాలి, 666 వస్తుంది, చివరికి 90. ఆ 713ను పుస్తకంలో చూసి ‘47 ఇప్పటికే తీసేశారు కదా’ అనుకుంటే పది మిల్లీమీటర్లు తేడా పడుతుంది. యాప్‌లోని 1,010ని మార్చి వేసినా అదే తప్పు. ఏబీజీ మిషన్ ఉన్న చోటి పీడనాన్ని తన బారోమీటర్‌తో తానే కొలుచుకుంటుంది. దాని ముద్రణలో గాలి పీడనం ఒక వరుసలో ఉంటుంది, లెక్కకు దాన్నే తీసుకోవాలి. హైదరాబాద్‌లో 85 వచ్చిన మనిషి అసలు దిగులుపడాల్సిన పనే లేదన్నది ఈ లెక్కలోనే ఉంది.

పత్రికకు ప్రత్యేకంగా ఒక మాట. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. ‘ఎంపీఏ’ అని వేస్తే మెగాపాస్కలో మిల్లీపాస్కలో చెప్పలేం. రెండింటికీ మధ్య తేడా వంద కోట్ల రెట్లు. ‘పీఎస్ఐ’ అంటే ప్రొబేషనరీ ఎస్సై అనుకునే పాఠకుడూ ఉంటాడు, తప్పు అతనిది కాదు. పొడి అక్షరాలు మానేసి మెగాపాస్కల్ అని, చదరపు అంగుళానికి పౌండ్లని, పాదరసం మిల్లీమీటర్లని పూర్తిగా వేయండి. ఒక్క మాట పొడుగు పెరుగుతుంది, అంతే. ‘సిలిండర్‌లో 150 కిలోల ఆక్సిజన్’ అన్న శీర్షికలు కూడా ఇంతే. అక్కడున్నది 150 కిలోల పీడనం. పది లీటర్ల సిలిండర్ అయితే అందులోని ఆక్సిజన్ బరువు సుమారు రెండు కిలోలే. ఆక్సిజన్ ‘ఒత్తిడి’ అని రాయకండి. ఆ మాట మనసుకు వాడి వాడి అరిగిపోయింది, పీడనం అన్న మాట తుపానుల పుణ్యమాని అందరికీ తెలుసు.

తర్జుమా చేసేటప్పుడు మరో పొరపాటు జరుగుతుంది. ఇంగ్లిషు ప్రతిలో ‘దాదాపు 32 పౌండ్లు’ అని ఉంటే తెలుగులో 220.632 కిలోపాస్కల్స్ అని దిగుతుంది. అసలు అంకెలో లేని నిక్కచ్చి తర్జుమాలోకి ఎక్కడి నుంచి వచ్చింది? 220 అంటే సరిపోతుంది. అలాగే అమెరికా తుపాను వార్తల్లో గాలి పీడనం పాదరసం అంగుళాల్లో వస్తుంది. 29.92 అంగుళాలంటే 1,013 హెక్టోపాస్కల్స్. అంగుళాన్ని 33.86తో హెచ్చించి మన ప్రమాణంలో వేయండి, అంగుళాల అంకె మాత్రమే వేస్తే ఇక్కడి పాఠకుడికి తలాతోకా తెలియదు.

ఆ వ్యాసానికి సవరణ వేయదలిస్తే వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: ‘ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం సముద్రమట్టం దగ్గర ఆరోగ్యవంతుల్లో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 10.7 నుంచి 13.3 కిలోపాస్కల్స్ ఉంటుంది. హైదరాబాద్ లాంటి ఎత్తు ప్రాంతాల్లో కొంత తక్కువ. 60 మిల్లీమీటర్లు, అంటే 8 కిలోపాస్కల్స్ కన్నా తగ్గితే వెంటనే వైద్యం అందాలి. వేలి ఆక్సీమీటర్‌లో కనబడే శాతం దీనికి భిన్నమైనది.’

ఇట్లు,
ఒక బయోమెడికల్ ఇంజినీరు, ఒక భౌతికశాస్త్ర అధ్యాపకురాలు
హైదరాబాద్